ఫాక్స్ నది ఒడ్డున స్వీడన్ వాళ్ళ వేసవి ఇళ్ళు, మా గ్రూపులో "మనవాళ్ళు" గొడవ

మా వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య ఒక చర్చ తెగకుండా నడుస్తోంది. చికాగో సబర్బ్స్‌లో ఉండే కొన్ని తెలుగు కుటుంబాలం కలిసి విస్కాన్సిన్‌లో ఏదైనా లేక్ పక్కన కాస్త నేల కొని, చిన్న చిన్న ఇళ్ళు వేసుకుని, వేసవి సెలవుల్లో పిల్లలందర్నీ ఒకచోట ఉంచుదాం అన్నది ఆలోచన. అందరికీ నచ్చింది, డబ్బు దగ్గర కూడా పెద్ద పేచీ రాలేదు. తర్వాత ఒకాయన "ఒక్క కండిషన్ అండీ, మనవాళ్ళు మాత్రమే ఉండాలి" అని పెట్టారు, అక్కణ్ణుంచి ఇంక ఆగలేదు. మనవాళ్ళంటే తెలుగువాళ్ళా, ఆంధ్రావాళ్ళా, తెలంగాణ వాళ్ళా, కోడలు గుజరాతీ అయితే ఎలా, అల్లుడు అమెరికన్ అయితే ఎలా అని మొదలైంది. దీని వెనక ఇంకో ప్రశ్న ఉందని, దాన్నెవరూ టైప్ చెయ్యట్లేదని గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కళ్ళకీ తెలుసు. అమెరికాలో మన సంఘాలు ఎందుకు ఒకటి రెండయ్యాయో, రెండు నాలుగయ్యాయో ఇది చదివేవాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ మెసేజ్‌లు చదువుతున్నంతసేపూ నాకు ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న ఒక చోటు మనసులో మెదులుతూనే ఉంది. జెనీవా అనే ఊళ్ళో ఫాక్స్ నది తూర్పు ఒడ్డున గుడ్ టెంప్లర్ పార్క్ అని ఉంది. అరోరా బాలాజీ గుడి నుంచి కార్లో అరగంట కూడా పట్టదు. స్వీడన్ నుంచి వచ్చి చికాగోలో స్థిరపడ్డవాళ్ళు 1920ల మధ్యలో ఆ నేల తీసుకుని చెట్ల మధ్యన వేసవి ఇళ్ళు వేసుకున్నారు. ఆ ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, ఇప్పటికీ వేసవిలో జనం వచ్చి ఉంటున్నారు. జూన్‌లో జరిపే స్వీడిష్ డే అయితే వందేళ్ళు దాటిన పండగ. ఆ చోటు గురించి చదివీ, చూసీ, అక్కడివాళ్ళతో మాట్లాడీ నాకొక అభిప్రాయం గట్టిపడింది. ఇలాంటి చోటు నిలబడాలంటే లోపలికి రావడానికి ఏదో ఒక షరతు ఉండి తీరాలి, అయితే ఆ షరతు మనిషి తన ఇష్టంతో ఒప్పుకుని చెయ్యగలిగేది అయ్యుండాలి గానీ ఎవరి కడుపున పుట్టాడు అన్నదాన్ని బట్టి ఉండకూడదు. దీనిమీద నాకే కొన్ని అనుమానాలున్నాయి, అవి కూడా రాస్తాను.

మందు ముట్టం అన్న ప్రమాణం

1900 ప్రాంతానికి చికాగోలో స్వీడన్‌లో పుట్టినవాళ్ళూ వాళ్ళ పిల్లలూ కలిపి లక్షన్నర మంది దాకా ఉండేవాళ్ళు, స్టాక్‌హోమ్ తర్వాత స్వీడన్ జనం ఎక్కువగా ఉన్న ఊరు చికాగోయే అని చెప్పుకునేవాళ్ళు. మగవాళ్ళలో చాలామంది వడ్రంగులు, ఇళ్ళు కట్టే పనివాళ్ళు. పెళ్ళికాని ఆడపిల్లలు డబ్బున్నవాళ్ళ ఇళ్ళల్లో వంటకీ ఇంటిపనికీ కుదిరేవాళ్ళు. 1860ల చివర్లో స్వీడన్‌లో వచ్చిన కరువు నుంచి మొదలుపెట్టి తరతరాలుగా వచ్చిన జనం వీళ్ళు, ఉద్యోగాల మీద వీసాతో దిగిన మనలాంటివాళ్ళు కాదు. వీళ్ళు వేసవి ఇళ్ళు కట్టుకున్నారంటే సరదా కోసం డబ్బు తగలేసినట్టు ఊహించుకోకూడదు. నగరంలో ఇరుకిళ్ళల్లో ఉండేవాళ్ళు ట్రైనెక్కి నది ఒడ్డుకొచ్చి, వచ్చిన పనితోనే, సొంత చేతులతోనే కట్టుకునే స్తోమతున్న చిన్న ఇళ్ళవి.

కొన్నది ఏ స్వీడిష్ సంఘమో అయ్యుంటే కథ ఇంత ఆసక్తిగా ఉండేది కాదు. కొన్నది ఇంటర్నేషనల్ ఆర్డర్ ఆఫ్ గుడ్ టెంప్లర్స్ అనే మద్యపాన వ్యతిరేక సంస్థకి చెందిన స్కాండినేవియన్ శాఖలవాళ్ళు. ఆ సంస్థ 1850ల మొదట్లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టింది. 1879లో స్వీడన్‌లో గోటెన్‌బర్గ్ చేరింది, అక్కడ పుట్టినచోట కంటే బలంగా వేళ్ళూనుకుంది, మళ్ళీ వలస జనంతో పాటు సముద్రం దాటి అమెరికా తిరిగొచ్చింది. సభ్యుడు కావాలంటే కులం, ఊరు, చర్చి ఏవీ అడగరు. జన్మలో మందు ముట్టను అని నలుగురి ముందూ ప్రమాణం చెయ్యాలి. అంతే.

పంతొమ్మిదో శతాబ్దం స్వీడన్‌లో తాగుడు ఏ స్థాయిలో ఉండేదో తెలిస్తే ఆ ప్రమాణం బరువు అర్థమవుతుంది. పల్లెల్లో ఇంటింటా బంగాళాదుంపలతో సారా కాచుకునేవాళ్ళు, 1855లో చట్టం తెచ్చి దాన్ని కట్టడి చెయ్యాల్సొచ్చింది. దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా దుకాణాల మీదికి ఎందుకు వెళ్ళారో తెలిసిన మనకి ఇది విడమర్చి చెప్పాల్సిన విషయం కాదు. కూలి డబ్బులు ఇంటికి రాకుండా దారిలోనే ఆగిపోయిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఈ సంస్థలో చేరారు. 1922 ఆగస్టులో స్వీడన్‌లో మద్యనిషేధం మీద దేశమంతా ఓటేస్తే వద్దన్నవాళ్ళు 51 శాతం, కావాలన్నవాళ్ళు 49. అంటే సగం దేశం కావాలంది. అమెరికాలో అప్పటికే 1920 నుంచి నిషేధం నడుస్తోంది, ఈ పార్క్ ఆ రోజుల్లోనే మొదలైంది. 1933లో ఆ చట్టం పోయింది, బార్లు మళ్ళీ తెరిచారు, పార్క్ మాత్రం తన మాట మీద తను ఉంది. చట్టం బలవంతం చేస్తే మానినవాళ్ళు వేరు, మాటిచ్చి మానినవాళ్ళు వేరు. నాకు ఈ కథలో అన్నిటికంటే గట్టిగా తగిలింది ఇదే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ సంస్థలో ఆడవాళ్ళకి మొదట్నుంచీ మగవాళ్ళతో సమానంగా సభ్యత్వం, ఓటు ఉన్నాయి. అమెరికాలో ఆడవాళ్ళకి దేశమంతటా ఓటు హక్కు 1920లో గానీ రాలేదు, స్వీడన్‌లో 1921 ఎన్నికల దాకా ఆగాల్సొచ్చింది. వారమంతా దొరసాని దగ్గర పాత్రలు తోమిన పిల్ల, మీటింగ్ రోజున మినిట్స్ పుస్తకం రాసేది, తీర్మానం మీద చెయ్యెత్తేది, కావాలంటే అధ్యక్షురాలిగా కూర్చునేది. స్వీడన్‌లో 1902లో ఆస్కార్ ఓల్సన్ మొదలుపెట్టిన స్టడీ సర్కిల్ పద్ధతి, అంటే నలుగురు కూర్చుని ఒక పుస్తకం చదివి మాట్లాడుకుని తమకి తామే టీచర్లవడం, అదీ ఈ గుడ్ టెంప్లర్ శాఖల్లో పుట్టిందే. అందుకే "వీళ్ళంతా మందు వద్దనే చాదస్తులు" అని ఎవరైనా తీసిపారేస్తే నాకు నచ్చదు. బడికి పోలేని జనానికి మీటింగ్ ఎలా నడపాలో, డబ్బు లెక్క ఎలా చెప్పాలో, ఓడిపోయినా వెళ్ళిపోకుండా ఎలా కూర్చోవాలో నేర్పిన చోటది. ఉమ్మడిగా నేల కొని వందేళ్ళు తగాదా పడి విడిపోకుండా నడపడం వాళ్ళకెలా సాధ్యమైంది అంటే నాకు దొరికిన జవాబు ఇదే.

నేల సంఘానిది, ఇల్లు మనిషిది

పండగరోజు మా అమ్మాయిని తీసుకుని వెళ్ళాను. గేటు దాటి లోపలికెళితే అది ధనవంతుల రిసార్ట్ కాదని వెంటనే తెలిసిపోతుంది. ఇళ్ళు చిన్నవి, దగ్గర దగ్గరగా ఉంటాయి, ముందు వరండా, ఇళ్ళ మధ్య కాంపౌండ్ గోడల్లాంటివి లేవు. ఒక ఇంటి మెట్ల మీద కూర్చున్న పెద్దావిడ మా అమ్మాయికి బన్ను పెట్టి నాతో మాట కలిపారు. చిన్నప్పట్నుంచీ ప్రతి వేసవీ ఇక్కడే అట. స్వీడిష్ వచ్చా అనడిగితే "పాటలు వచ్చు, మాట్లాడటం రాదు, మా అమ్మకి వచ్చేది" అన్నారు. ఈ ఇల్లు మీదేనా అంటే "ఇల్లు మాది, కింద నేల మాది కాదు, అందరిదీ" అన్నారు. అలవాటుగా చెప్పేశారు గానీ అసలు కిటుకంతా ఆ మాటలోనే ఉంది.

నేల సంఘం పేరు మీద ఉండి, ఇల్లు మాత్రం మనిషిది అయితే ఏమవుతుందో ఆలోచించండి. నదికి ఆనుకుని ఉన్న స్థలం, చికాగోకి లోకల్ ట్రైన్ దూరం. ముక్కలు చేసి ఎవరి పేరున వాళ్ళకి రాసిచ్చి ఉంటే రెండో తరంలోనే బిల్డర్ వచ్చేవాడు. ఒకడు అమ్మితే పక్కవాడు ఆగడు. ఇక్కడ అమ్మాలన్నా చేతిలో ఉండేది ఆ చిన్న ఇల్లే, కొనేవాడు కూడా సంఘం షరతుకి ఒప్పుకునేవాడే అయ్యుండాలి, కాబట్టి దాని ధర ఆకాశానికి పోదు. వడ్రంగి కట్టిన ఇంట్లోకి డాక్టరు వచ్చి పడగొట్టి మేడ వేసే పరిస్థితి రాదు. సంస్కృతిని కాపాడుకోవాలి అని మనం స్టేజీల మీద ఎంతసేపు మాట్లాడినా, ఈ చోటుని ఎక్కువగా కాపాడింది నేల కాగితాలు రాసిన పద్ధతే.

ఆ రోజు చూసినవాటిలో ఇంకొకటి చెప్పాలి. పార్క్‌లో గుడారం లాంటి కప్పు కింద ఒక ఓడ ఉంది. 78 అడుగుల పొడవు, పలక మీదికి పలక అంచు ఎక్కించి ఇనుప రివెట్లతో బిగించిన ఓడ, దగ్గరికెళితే ఆ రివెట్ల తలలు వరసగా కనిపిస్తాయి, కొన్ని చోట్ల తుప్పు చెక్కలోకి దిగి నల్లగా మరకలు కట్టింది. 1893 చికాగో వరల్డ్ ఫెయిర్ కోసం మాగ్నస్ ఆండర్సన్ అనే కెప్టెన్ నార్వేలోని బెర్గెన్ నుంచి అట్లాంటిక్ మీదుగా దీన్ని నడిపించుకుని వచ్చాడు. నార్వేలో తవ్వకాల్లో దొరికిన, వెయ్యేళ్ళ నాటి గోక్‌స్టాడ్ అనే వైకింగ్ ఓడకి నకలు ఇది, అలాంటి ఓడలో మహాసముద్రం దాటొచ్చు అని నిరూపించడానికి. తర్వాత చాలా ఏళ్ళు లింకన్ పార్క్‌లో ఉంది, 1994లో అక్కణ్ణుంచి తీసేశారు, ఎక్కడ పెట్టాలో తెలీక 1996లో ఇక్కడికి చేర్చారు. ఇప్పుడు వాలంటీర్ల సంస్థ ఒకటి చూసుకుంటోంది.

ఇది స్వీడన్ వాళ్ళ ఓడ కాదు, నార్వే వాళ్ళది. అది సముద్రం దాటిన 1893లో నార్వే ఇంకా స్వీడన్ రాజు కిందే ఉంది, 1905లో గానీ విడిపోలేదు, ఆ ఓడ ప్రయాణంలో నార్వే వాళ్ళ ఆత్మాభిమానం కూడా ఉంది. అలాంటి ఓడకి నగరంలో చోటు లేకపోతే స్వీడన్ వాళ్ళ పార్క్ చోటిచ్చింది. పుట్టుక చూసి తలుపు తీసే చోటైతే, "ఇది మనది కాదు కదా" అని ఎవరో ఒకరు అనే ఉండేవాళ్ళు.

భాష పోయింది, చోటు పోలేదు

మన గ్రూపులో ఒక వాదన గట్టిగా వచ్చింది. "తెలుగు మాట్లాడేవాళ్ళే ఉంటేనే పిల్లలకి తెలుగు వస్తుంది, లేకపోతే ఇదంతా ఎందుకు" అని. ఆ ఆరాటం నాకూ ఉంది, మా ఇంట్లో అమ్మాయితో నేను రోజూ చేసే యుద్ధం అదే. కానీ స్వీడన్ వాళ్ళ అనుభవం చూస్తే భాషని అలా పట్టి ఉంచలేకపోయారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో పరాయి భాషలంటేనే అనుమానం, 1918లో అయోవా గవర్నర్ హార్డింగ్ బయట ఇంగ్లీషు తప్ప ఇంకో భాష మాట్లాడకూడదని, ఆఖరికి ఫోన్లో కూడా వద్దని ప్రకటన ఇచ్చాడు. 1924 చట్టంతో ఐరోపా నుంచి వలసలకి కోటా బిగించారు, కొత్తగా స్వీడిష్ మాట్లాడే జనం రావడం తగ్గిపోయింది. 1945కల్లా స్వీడిష్ బాప్టిస్టుల సమాఖ్య కూడా తన పేర్లోంచి స్వీడిష్ అన్న మాట తీసేసింది. చర్చే పట్టి ఉంచలేని భాషని వేసవి ఇళ్ళు ఏం పట్టి ఉంచుతాయి?

మరి మిగిలిందేంటి? పండగరోజు పొడవాటి స్తంభానికి ఆకులూ పువ్వులూ చుట్టి అందరూ కలిసి నిలబెట్టడం, దాని చుట్టూ పిల్లలు కప్పల్లా గెంతే ఆట, కాఫీ, బన్నులు. ఇంతేనా అని మీరనొచ్చు. నేనూ అనుకున్నాను అలా. కానీ ఆ పెద్దావిడకి పక్కింటివాళ్ళు మూడు తరాలుగా తెలుసు. మా అమ్మాయికి మన కాన్ఫరెన్సుల్లో కలిసిన పిల్లల పేరు ఒక్కటీ గుర్తులేదు. రెండేళ్ళకోసారి కన్వెన్షన్ సెంటర్ అద్దెకి తీసుకుని వేలమందికి భోజనాలు పెడతాం, సినిమావాళ్ళని పిలుస్తాం, మూడో రోజు రాత్రికి హాల్ ఖాళీ చేసి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతాం. వాటిని నేను తక్కువ చెయ్యట్లేదు, వాటికోసం రాత్రింబవళ్ళు పనిచేసే వాలంటీర్లు నాకు తెలుసు. గుళ్ళు కట్టుకున్నాం, అదైతే నిజంగా గొప్ప పని. కానీ పిల్లలు వారాల తరబడి కలిసి ఆడుకుని, పోట్లాడుకుని, మళ్ళీ వచ్చే ఏడు అదే మొహాలు చూసే చోటు మనకి లేదు. భాష నిలిచినా నిలవకపోయినా అలాంటి చోటు కావాలి.

నా వాదనకి అడ్డం వచ్చేవి

ఇప్పుడు అనుమానాలు. మాటమీద నిలబడ్డ సంస్థ అని నేనింత మెచ్చుకుంటున్న గుడ్ టెంప్లర్లే 1876లో రెండుగా చీలిపోయారు. అమెరికా దక్షిణాది శాఖలు నల్లజాతి వాళ్ళని చేర్చుకోం అన్నాయి. లూయీవిల్ సమావేశం నుంచి జోసెఫ్ మాలిన్స్ నాయకత్వంలో బ్రిటిష్ ప్రతినిధులు లేచి వెళ్ళిపోయారు, మళ్ళీ కలవడానికి 1887 దాకా పట్టింది. ప్రమాణం అందరికీ ఒకటే అని కాగితం మీద రాసుకున్నా పుట్టుక ఇంకో దారిలో దూరుతుంది అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మిషిగన్‌లో కూడా ఇలాంటి చోట్లున్నాయి. సాయర్ దగ్గర చికాగో స్వీడిష్ బాప్టిస్టులు మొదలుపెట్టిన బెథనీ బీచ్ ఉంది, అక్కడ కలిపి ఉంచింది మత విశ్వాసం. స్వీడన్ వాళ్ళది కాదు గానీ పెటోస్కీ పక్కన 1875లో మెథడిస్టులు పెట్టిన బే వ్యూ కథ ఇంకా కళ్ళు తెరిపిస్తుంది. అక్కడా నేల సంఘానిదే, ఇళ్ళు మనుషులవి. 1940ల్లో తెల్లవాళ్ళు, క్రైస్తవులు మాత్రమే అని నిబంధనలో రాశారు. జాతి మాట 1950ల చివర్లో తీసేశారు, క్రైస్తవులే అన్నది మాత్రం ఉంచారు. చివరికి 2017లో అక్కడ ఇళ్ళున్నవాళ్ళలోనే కొందరు కోర్టుకెళ్ళారు, వాళ్ళల్లో కొందరి బాధ ఏంటంటే క్రైస్తవేతర భార్యకో, భర్తకో, పిల్లలకో ఆ ఇల్లు ఇవ్వలేకపోవడం. 2019లో రాజీ కుదిరి ఆ నిబంధన పోయింది. మన గ్రూపులో "మనవాళ్ళు మాత్రమే" అన్నాయన ఇది చదవాలని నా కోరిక. రేపు ఆ షరతు తగిలేది బయటివాళ్ళకి కాదు, ఆయన కూతురు ఎవర్ని చేసుకుంటుందో వాళ్ళకి. పైగా జాతిని బట్టో మతాన్ని బట్టో ఇళ్ళు ఇవ్వననడం ఈ దేశంలో 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం కిందికి వచ్చే విషయం.

మరి మతం కూడా మనిషి ఎంచుకునేదే కదా, పుట్టుక కాదు కదా అని ఒక ఫ్రెండ్ అడిగింది. మంచి ప్రశ్న. కానీ ఆచరణలో మతం అమ్మానాన్నల నుంచే వస్తుంది, మందు మానడం అలా రాదు. తాగుబోతు కొడుకు ప్రమాణం చెయ్యొచ్చు, ప్రమాణం చేసినవాడి కొడుకు తాగొచ్చు. ప్రతి తరం మళ్ళీ తనకి తనే నిర్ణయించుకోవాలి. నాకు ఆ తేడా చాలా ముఖ్యం.

ఇంకో అనుమానం దీనికంటే కష్టమైంది. అంత గట్టి షరతు పెడితే ఎవరొస్తారు? ఒకప్పుడు లక్షల్లో సభ్యులున్న ఉద్యమం అమెరికాలో ఇప్పుడు చాలా చిన్నదైపోయింది, జీవితాంతం మందు ముట్టను అనే యువత ఎక్కడుంది. షరతు సడలిస్తే మామూలు హాలిడే హోమ్ అవుతుంది, సడలించకపోతే ఇళ్ళు ఖాళీ అవుతాయి. ఇక వారసత్వం ఉండనే ఉంది, ఆ పెద్దావిడ ఇల్లు వాళ్ళ అమ్మది, రేపు పిల్లలది. ప్రమాణం అందరికీ ఒకటే అయినా ఖాళీ అయిన ఇంటి కబురు ముందు తెలిసేది లోపల పుట్టినవాళ్ళకే. పుట్టుకని ముందు గుమ్మంలో ఆపినా పెరటి గుమ్మంలోంచి వచ్చేస్తోంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

అయినా నేను గ్రూపులో పెట్టబోయేది ఇదే. నేల ట్రస్టు పేరు మీద ఉండాలి, ఎవరి పేరున ముక్కలు రాయకూడదు. ఇంటి సైజుకి పరిమితి ఉండాలి, పెద్ద బిల్డింగు వేసుకునే స్తోమత ఉన్నవాళ్ళకి కూడా. చేరేవాళ్ళ ఇంటిపేరు, జిల్లా, ఆ టైప్ చెయ్యని ప్రశ్న, ఏదీ అడగకూడదు. బదులుగా ఏటా ఇన్ని రోజులు అందరి పిల్లల్నీ చూసుకునే డ్యూటీ, ఇన్ని రోజులు గడ్డి కోసి, డాక్ రిపేర్ చేసి, బాత్రూములు కడిగే డ్యూటీ, డబ్బు కట్టి తప్పించుకోవడానికి వీల్లేకుండా. మందు సంగతి కూడా పెడతాను. పిల్లలున్న చోట మగవాళ్ళంతా సాయంత్రం అయ్యేసరికి ఒక మూలకి చేరి బాటిల్ తీస్తే వంటా పిల్లలూ ఎవరి మీద పడతాయో మన పార్టీలకి వెళ్ళే ఆడవాళ్ళందరికీ తెలుసు. జీవితాంతం మానమని అడగను, ఆ నేల మీద ఉన్నన్నాళ్ళు వద్దు అంటాను. కొంతమంది తప్పుకుంటారు, తెలుసు. గుజరాతీ కోడలూ, అమెరికన్ అల్లుడూ, పక్కవీధి తమిళ కుటుంబం ఈ షరతులకి ఒప్పుకుంటే వాళ్ళు లోపల ఉంటారు.

ఇక తేలనిది వారసత్వం క్లాజ్ ఒక్కటే. ఇల్లు ఖాళీ అయితే పిల్లలకే ముందు ఇవ్వాలా, లేక పిల్లలు కూడా బయటివాళ్ళతో పాటు లిస్టులో నిలబడాలా? రెండోదే న్యాయం అని నా బుద్ధికి తోస్తోంది, కానీ పదేళ్ళు చాకిరీ చేసిన ఇంటిని మా అమ్మాయికి ఇవ్వకూడదు అంటే నేను సంతకం పెడతానా అని అడిగితే ఇప్పటికిప్పుడు అవునని చెప్పలేను. ట్రస్టు డీడ్‌లు రాసిన అనుభవం ఉన్న లాయర్లు ఎవరైనా ఇది చదువుతుంటే నాకు రాయండి, వచ్చే నెల మీటింగ్‌లో ముందు తేల్చాల్సింది అదే.